పసుపు దీపం ఏమంటున్నది?

పిల్లలూ,

ఈ నెల తార్నాకనుంచి ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి ఒకతె ఇలా రాసింది:

"మేష్టారు గారికి నమస్కారాలు. మేముండే మేడలో కింద మెట్ల పక్కన ఎర్రని ఇనప పెట్టె ఒకటి ఉన్నది. దాన్ని ఫైర్ అలారం ప్యానెల్ అంటారు. అందులో ఎప్పుడూ పచ్చ దీపం వెలుగుతూ ఉంటుంది. పది రోజుల కిందట, వాన కురిసిన రాత్రి, పసుపు దీపం కూడా వెలిగి పెట్టె కీచుమని మోగింది. ఎక్కడా మంట లేదు, పొగ లేదు. వాచ్‌మన్ తాత మీట నొక్కి మోత ఆపాడు. దీపం మటుకు ఇంకా వెలుగుతూనే ఉన్నది. నిప్పు లేనప్పుడు ఆ పెట్టె ఎందుకు అరిచింది? దీపం అలాగే వెలుగుతూ ఉంటే నష్టమేమిటి?"

చాలా మంచి ప్రశ్న. పెద్దవాళ్ళు చాలామంది అడగకుండా వదిలేసే ప్రశ్న. కనక ఈ నెల పాఠం దీనిమీదనే.

ముందు జవాబు ఒక్క ముక్కలో చెబుతాను. ఎర్ర దీపం వెలిగితే, "నిప్పు పుట్టింది, లేవండి!" అని అర్థం. పసుపు దీపం వెలిగితే, "నాకు ఒంట్లో బాగా లేదు. ఇప్పుడు నిప్పు పుడితే మిమ్మల్ని లేపలేకపోవచ్చు" అని అర్థం. ఈ రెండో మాటను మొదటి మాటంత శ్రద్ధగానూ వినాలి.

ఎందుకంటే, అగ్నిప్రమాదంలో మంటకన్న ముందు పొగ వస్తుంది. నిద్రపోయేవాడికి పొగ వాసన తెలియదు. తార్నాకకు కొద్ది మైళ్ళ దూరంలోనే, సికిందరాబాదులోని స్వప్నలోక్ కాంప్లెక్సులో 2023 మార్చి 16న నిప్పంటుకున్నప్పుడు ఆరుగురు యువతీయువకులు పొగలో ఊపిరాడక చనిపోయారు. అటువంటి వేళ రెండు మూడు నిమిషాలు ముందుగా తెలియటం అంటే ప్రాణం దక్కటమే. ఆ రెండు నిమిషాలూ మనకు సంపాదించి పెట్టేదే ఫైర్ అలారం.

ఇనప పెట్టెలో తలారి

పూర్వం రాత్రిపూట పారా తిరిగే తలారి గంట గంటకూ "పారా హుషార్!" అని కేకవేసేవాడు. దొంగ వచ్చాడనా? కాదు. "నేను మేలుకునే ఉన్నాను" అని ఊరికి చెప్పటానికి. ఒక రాత్రి ఆ కేక వినపడలేదనుకోండి. దొంగ వచ్చినట్టు కాదు, కాని తలారికి ఏదో అయిందని ఊరు గ్రహించేది. కేక వినపడకపోవటమే ఒక కబురు.

ఫైర్ అలారం చేసేది సరిగ్గా ఇదే. గదుల కప్పులకు తెల్లగా, చిన్న గిన్నె బోర్లించినట్టు ఉండే వాటిని డిటెక్టర్లంటారు. పొగ పసిగట్టేవి అవే. కింద పెట్టెనుంచి రెండు తీగలు బయలుదేరి, మొదటి డిటెక్టరుకు వెళ్ళి, అక్కడినుంచి రెండోదానికి, అక్కడినుంచి మూడోదానికి, ఇలా దండలో పూసల్లాగా గుచ్చుకుంటూ చివరిదాకా పోతాయి. అన్నిటికన్న చివరి డిటెక్టరు దగ్గర ఆ రెండు తీగలనూ కలుపుతూ వడ్లగింజ కన్న కాస్త పెద్దదైన రెసిస్టరు ఒకటి ఉంటుంది. కరెంటును కొద్దిగా మాత్రమే పోనిచ్చేది రెసిస్టరు. కొసన ఉంటుంది గనక దీన్ని కొస రెసిస్టరు అందాం.

ఇప్పుడు కొంచెం లెక్క చూడండి. చాలా పెట్టెలు తీగలోకి 24 వోల్టుల కరెంటు పంపుతాయి. కొస రెసిస్టరు 4,700 ఓములది అనుకుందాం. వోల్టులను ఓములతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 24ను 4,700తో భాగించండి: 0.0051. అంటే ఆంపియరులో వెయ్యో వంతులు సుమారు 5. వీటిని మిల్లీ ఆంపియర్లంటారు. ఈ 5 మిల్లీ ఆంపియర్ల సన్నని ధారే ఆ తీగల "పారా హుషార్" కేక. అది రాత్రీ పగలూ తీగంతా తిరిగి పెట్టెకు చేరుతూ ఉంటుంది. పెట్టె దాన్ని కొలుస్తూ కూచుంటుంది.

ఈ భాగహారం మనకు నేర్పినవాడు జార్జి సైమన్ ఓమ్ అనే జర్మనీ దేశస్థుడు. కొలోన్ నగరంలో పిల్లలకు లెక్కలూ భౌతికశాస్త్రమూ చెప్పిన బడిపంతులు. తన సూత్రాన్ని 1827లో అచ్చువేశాడు. ఆ తరవాత పాతికేళ్ళకు, 1852లో, అమెరికాలోని బోస్టన్ నగరంలో విలియం చానింగ్ అనే వైద్యుడూ, మోజెస్ ఫార్మర్ అనే ఇంజనీరూ కలిసి వీధివీధినా పెట్టెలు పెట్టి, టెలిగ్రాఫు తీగలమీద అగ్నిప్రమాదపు కబురు పంపే ఏర్పాటు చేశారు. మీ మేడలోని ఎర్ర పెట్టెకు తాతగారు అదే అనుకోవచ్చు.

మరి పెట్టె నాలుగు సంగతులను ఎలా గుర్తుపడుతుంది?

సుమారు 5 మిల్లీ ఆంపియర్లు వస్తున్నవా? అంతా క్షేమం. పచ్చ దీపం.

ఒక డిటెక్టరు పొగను పసిగట్టిందా? అది వెంటనే రెండు తీగల మధ్య మరో దారి తెరుస్తుంది. ఆ దారికి 500 ఓములే ఉన్నవనుకోండి. 24ను 500తో భాగిస్తే 48 మిల్లీ ఆంపియర్లు. కరెంటు ఒక్కసారిగా పదింతలవుతుంది. ఎర్ర దీపం, గంటల మోత.

తీగ తెగిందా? కరెంటు సున్న. కేక ఆగిపోయింది. పసుపు దీపం.

రెండు తీగలూ ఒరుసుకుని కలిసిపోయినవా? కరెంటు కొస దాకా పోకుండా దగ్గరిదారిన వెనక్కు వస్తుంది. దీన్నే షార్టు అంటారు. కరెంటు 48ని కూడా దాటి విపరీతమవుతుంది. నేటి పెట్టెలు చాలావరకు దీన్ని లోపంగా గుర్తించి పసుపు దీపమే వెలిగిస్తాయి. పాతవాటిలో కొన్ని షార్టును నిప్పుగా పొరబడి గంటలు మోగిస్తాయి.

చూశారా, ఒక్క చిన్న రెసిస్టరు ఎంత పని చేస్తున్నదో! అది లేకపోతే తెగిన తీగకూ, నిశ్శబ్దంగా ఉన్న మంచి తీగకూ తేడా తెలియదు.

దొంగ హాజరు

రెసిస్టరు కొసనే ఎందుకుండాలి? ఇది ముఖ్యమైన సంగతి.

కొందరు పనివాళ్ళు తొందరలో ఆ రెసిస్టరును పై అంతస్తుదాకా మోసుకుపోలేక పెట్టెలోనే బిగించేస్తారు. లేదా పసుపు దీపం ఎంతకీ ఆరకపోతే, తీగలు ఊడదీసి పెట్టెలోనే ఒక రెసిస్టరు తగిలిస్తారు. పచ్చ దీపం ఒక్కటే మిగులుతుంది. అందరూ సంతోషిస్తారు. కాని పైన తీగ ఉన్నా లేకపోయినా పెట్టెకు ఇక తెలియదు. తరగతిలో హాజరు పిలిచేటప్పుడు రాని పిల్లవాడి బదులు పక్కవాడు "ప్రెజెంట్ సార్" అన్నట్టే ఇది. పట్టీలో అందరూ ఉంటారు, బెంచీలు మటుకు ఖాళీ!

ఇంకొక మోసం కూడా ఉన్నది. దండలో గుచ్చకుండా, మధ్యలో ఒకచోట తీగను కొమ్మలాగా పక్కకు లాగి ఒక డిటెక్టరు తగిలిస్తారు. కరెంటు కేక అసలు తీగవెంట కొసకు పోయి వస్తుంది గాని ఆ కొమ్మలోకి పోయి రాదు. కొమ్మ విరిగినా పచ్చ దీపం నిశ్చింతగా వెలుగుతూనే ఉంటుంది. అందుకే తీగ ప్రతి డిటెక్టరులోకీ వెళ్ళి, అక్కడినుంచే బయటికి రావాలని నియమం.

లోపం పట్టటం ఎలా?

ఇక్కడినుంచి చెప్పేది నేర్చిన పనివాడు చేసే పని. మీరు దాని వెనక ఆలోచన నేర్చుకుంటే చాలు. పెట్టె మూత మీరు తియ్యకూడదు. దానిలోకి ఇంటి కరెంటు 230 వోల్టులు వస్తుంది.

మంచి వైద్యుడు నాడి చూడటానికి ముందు ప్రశ్నలు వేస్తాడు. మంచి ఎలక్ట్రీషియనూ అంతే. దీపం ఎప్పుడు వెలిగింది? ఏ అంతస్తు పేరు చూపుతున్నది? ఆ వారంలో మేడలో ఏం జరిగింది? వాన కురిసిందా? సున్నం వేశారా? ఎవరైనా గోడకు రంధ్రం చేశారా? ఎలుకలున్నవా? సగం లోపాలు ఈ ప్రశ్నలతోనే పట్టుబడతాయి. సున్నం వేసేవాళ్ళు కప్పునుంచి డిటెక్టరు ఊడదీసి, మళ్ళీ బిగించటం మరిచిపోతారు. డిటెక్టరు ఊడితే దండ అక్కడ తెగిపోతుంది. దాని తరవాత ఉన్న డిటెక్టర్లన్నిటికీ పెట్టెతో సంబంధం పోతుంది.

తరవాత, రోగం పెట్టెదా తీగదా అని తేల్చుకోవాలి. తీగలు ఊడదీసి, కొస రెసిస్టరువంటిదే ఇంకొకటి పెట్టె కొక్కేలకు తగిలించి చూస్తాడు. పసుపు దీపం ఆరిందా? పెట్టె మంచిదే, రోగం బయట ఉన్నది. ఆరలేదా? రోగం పెట్టెలోనే ఉన్నది. చూడగానే ఆ రెసిస్టరు తీసెయ్యాలి. మరిచిపోతే, ఇందాక చెప్పుకున్న దొంగ హాజరే!

ఇప్పుడు తీగ తెగిందని తేలింది. దండలో 16 డిటెక్టర్లున్నవి. పెట్టెనుంచి మొదటిదానికి ఒక ముక్క, అక్కడినుంచి రెండోదానికి ఇంకొకటి, ఇలా 16 తీగముక్కలు. ఏ ముక్క తెగింది? మొదటినుంచి ఒక్కొక్కటే చూస్తూ పోతే నిచ్చెన పదిహేనుసార్లు ఎక్కి దిగవలసి రావచ్చు.

తెలివైనవాడు తిన్నగా ఎనిమిదో డిటెక్టరు దగ్గరికి పోతాడు. అక్కడ తీగ విప్పి, కొసవైపు మల్టీమీటరుతో కొలుస్తాడు. 4,700 ఓములు చూపిందా? ఎనిమిదినుంచి కొసదాకా బాగున్నది. తెగినది మొదటి సగంలో ఉన్నది. మీటరు ఏమీ చూపలేదా? తెగినది రెండో సగంలో ఉన్నది. ఒక్క దెబ్బతో అనుమానం 16 ముక్కలనుంచి 8కి దిగింది. ఇప్పుడు ఆ 8కి నడిమధ్యకు పోతాడు. 4 మిగులుతవి. మళ్ళీ చూస్తే 2. మళ్ళీ చూస్తే 1. నాలుగే కొలతలు!

"వెయ్యిలోపు ఒక అంకె తలుచుకో, పది ప్రశ్నల్లో చెబుతాను" అనే ఆట మీలో చాలామంది ఆడే ఉంటారు. కిటుకు ఒకటే: ప్రతి ప్రశ్నతోనూ సగం తీసిపారెయ్యటం.

షార్టయితే మరో ఉపాయం ఉన్నది. తీగ పొడవే దాని జాడ చెబుతుంది. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ కిలోమీటరు పొడవుకు సుమారు 12 ఓములు. కేబులులో పోయే తీగ ఒకటి, వచ్చే తీగ ఒకటి గనక 100 మీటర్ల కేబులంటే 200 మీటర్ల తీగ. అంటే 2.4 ఓములు. తీగలను పెట్టె దగ్గర విప్పి కొలిస్తే మీటరు 1.2 ఓములు చూపిందనుకోండి. షార్టు ఎంత దూరాన ఉన్నది? సుమారు 50 మీటర్లు! మేడ పటం ముందు పెట్టుకుని 50 మీటర్ల దగ్గర ఏమున్నదో చూస్తే వెతకటం తేలిక. అయితే ముందుగా మీటరు మొనలు రెండూ ఒకదానికొకటి తాకించి, మీటరు తీగల ఓములెన్నో చూసి తీసివెయ్యాలి. ఇక్కడ 0.1 ఓము తప్పితే నాలుగు మీటర్లు తప్పినట్టే.

మూడో రకం లోపం చాలా మాయదారిది. తీగ తెగదు, రెండు తీగలూ కలవవు. కాని ఒక తీగ పైపొర చిట్లి, ఇనప గొట్టాన్నో తడిగోడనో తాకుతుంది. కొంత కరెంటు భూమిలోకి కారిపోతుంది. దీన్ని ఎర్తు లోపమంటారు. ఒక్కచోటే తాకితే అలారం అప్పటికి పనిచెయ్యవచ్చు. రెండోచోట రెండో తీగ కూడా తాకిందా, ఆ రెండూ కలిసి షార్టే. కనక మొదటిదాన్ని చూసీ చూడనట్టు వదలకూడదు.

ఎర్తు లోపం వానలో వస్తుంది, ఎండలో పోతుంది. ఎలక్ట్రీషియను వచ్చేసరికి గోడ ఆరి, దీపం ఆరి, "ఏమీ లేదే!" అనిపిస్తుంది. దీనికి మందు నోటుపుస్తకం. దీపం వెలిగిన తేదీ, వేళ, ఆరిన వేళ, ఆనాడు వాన పడిందా లేదా, ఇవి రాసిపెట్టండి. నాలుగు వానలకు నాలుగుసార్లు వెలిగిందని పుస్తకంలో ఉంటే, నీళ్ళు దిగే గోడవైపు వెళ్ళి చూడమని అదే చెబుతుంది. తరవాత డిటెక్టర్లన్నీ ఊడదీసి, మెగ్గరు అనే సాధనంతో తీగకూ భూమికీ మధ్య పరీక్షిస్తారు. డిటెక్టర్లు తియ్యకుండా చేస్తే, మెగ్గరు పంపే 500 వోల్టుల దెబ్బకు అవి చెడిపోతాయి.

ఇవిగాక బాటరీలను మరవకూడదు. నిప్పంటుకున్నప్పుడు మొదట పోయేది కరెంటే. అందుకే పెట్టెలో సాధారణంగా 12 వోల్టుల బాటరీలు రెండు జతచేసి ఉంటాయి. అవి ముసలివై సత్తువ పోయినా పసుపు దీపమే వెలుగుతుంది.

మా తార్నాక అమ్మాయికి ఇప్పుడు చెబుతాను. చూడకుండా రోగం పేరు చెప్పే వైద్యుణ్ణి నమ్మకూడదు గనక మీ పెట్టెకు ఫలానా లోపమని నేనూ చెప్పను. కాని వాన రాత్రి వెలిగిందన్నావు గనక తడిసిన గోడనూ, నీళ్ళు దిగిన తీగల అతుకులనూ మొదట అనుమానించాలి. వాచ్‌మన్ తాత మోత ఆపటం తప్పు కాదు. మోత ఆపే మీట అందుకే ఉన్నది. ఆపిన తరవాత ఎవరికీ చెప్పకపోతేనే తప్పు. మీ నాన్నగారితో కలిసి వెళ్ళి మేడ సంఘంవారికి ఈ రోజే చెప్పు. బాగుచేసేదాకా రాత్రిళ్ళు ఎవరో ఒకరు మెట్లవెంట పారా తిరగాలి. పెట్టె కేక వెయ్యలేనప్పుడు మనిషి వెయ్యాలి గదా!

నీ ఊరి పేరులోనే ఈ పాఠమంతా ఉన్నది, గమనించావా? తార్ అంటే తీగ, నాకా అంటే కాపలా చోటు. అక్కడ ఒకప్పుడు ముళ్ళతీగ కంచె, కాపలా చోటు ఉండేవనీ, అందువల్ల ఆ పేరు వచ్చిందనీ పెద్దలు చెబుతారు. ఇప్పుడు అదే తార్నాకలో ఒకవైపు ఉస్మానియా విశ్వవిద్యాలయం, 1958లో కూనూరునుంచి తరలివచ్చిన పోషకాహార సంస్థ, 2017 నవంబరులో మొదలైన మెట్రో స్టేషను ఉన్నాయి. ఇంతమంది మసలే చోట తీగకు కాపలా ఇంకా ఎక్కువ కావాలి.

పెద్దలకు ఒక మాట. పచ్చ దీపం తీగ క్షేమం చెబుతుందే గాని డిటెక్టరు కళ్ళు తెరిచి ఉన్నదని చెప్పదు. దానిమీద ప్లాస్టిక్ తొడుగు ఉండిపోయినా, లోపల దుమ్ము పేరుకున్నా పచ్చ దీపం వెలుగుతూనే ఉండవచ్చు. కనక అప్పుడప్పుడు డిటెక్టర్లకు నిజంగా పొగ చూపించి, గంటలు నిజంగా మోగించి పరీక్ష చేయించండి. పిల్లలను ఆ రోజు దగ్గర ఉంచుకోండి. ఆ మోత ఎలా ఉంటుందో, ఏ మెట్లవెంట దిగాలో వాళ్ళకు తెలియాలి. అగ్నిమాపక దళానికి 101, ఏ ఆపదకైనా 112 అని ఇంట్లో అందరికీ కంఠస్థం రావాలి.

ఇంటివద్ద చేసి చూడండి

కావలసినవి: పెన్సిలు బాటరీలు మూడు, ఎర్రని ఎల్‌ఈడీ దీపాలు రెండు, 220 ఓముల రెసిస్టరు ఒకటి, సన్నని తీగ. బాటరీలను వరసగా పేర్చండి. వాటి ధనం కొసనుంచి రెసిస్టరు, దాని తరవాత ఒక దీపం కట్టండి. ఇది పెట్టె దీపం. అక్కడినుంచి రెండు గజాల తీగ లాగి రెండో దీపం కట్టండి. ఇది కొస దీపం. దాని రెండో కాలునుంచి తీగ తిరిగి బాటరీల రుణం కొసకు రావాలి. దీపాల పొడుగుకాలు ఎప్పుడూ ధనం వైపే ఉండాలి. రెండు దీపాలూ కొంచెం మసకగా వెలుగుతాయి.

ఇప్పుడు తీగను ఒకచోట విప్పండి. రెండూ ఆరతవి. అది తెగిన తీగ. మళ్ళీ కలిపి, పోయే తీగనూ వచ్చే తీగనూ మధ్యలో ఒకచోట తాకించండి. కొస దీపం ఆరుతుంది, పెట్టె దీపం మునుపటికన్న బాగా వెలుగుతుంది. అది షార్టు. చివరికి, మధ్యలోనుంచి పక్కకు రెండు తీగలు కొమ్మలాగా లాగి, కొసలు ఒకదానికొకటి తాకకుండా విడిగా ఉంచి, ఆ కొమ్మను తెంపి చూడండి. దీపాల్లో ఏ మార్పూ ఉండదు. ఎందుకో ఈ పాఠంలోనే ఉన్నది, వెతకండి.

బాటరీలతో తప్ప ఇంటి కరెంటుతో ఈ ప్రయోగం ఎన్నడూ చెయ్యవద్దు.

ఈ నెల ప్రశ్నలు

1. దండలో 64 తీగముక్కలుంటే, తెగిన ముక్కను పట్టటానికి ఎన్ని కొలతలు చాలును?

2. కొస రెసిస్టరు 4,700 ఓములకు బదులు 6,800 ఓములది అయితే, 24 వోల్టులకు ఎన్ని మిల్లీ ఆంపియర్లు పారుతాయి?

3. పచ్చ దీపం వెలుగుతున్నది. అయినా ఒక గదిలో పొగ వస్తే అలారం మోగలేదు. కారణాలు మూడు చెప్పండి.

జవాబులు వచ్చే నెల.